సాక్ష్యం చెప్పినంక చుక్కలు

"తలకాయ గట్టిగ పట్టుకో పిల్లా, మెసులుతున్నడు," అన్నది అత్త యేసుమణి.

షెకీనా కొడుకు తలను రెండు అరచేతుల మధ్య బిగించింది. బాత్రూం ముందర పీట మీద కాళ్లు చాపుకొని కూర్చున్నది అత్త. ఆ కాళ్ల మీద వెల్లకిలా నాలుగు నెలల బ్లెసన్. నీళ్లు పోయడం అయింది, ఇక మిగిలింది నాలుక. చిరిగిన నూలు చీర ముక్కను చూపుడు వేలికి చుట్టి, తేనెలో ముంచి, యేసుమణి మనవడి నోట్లో పెట్టింది. మాడిన గిన్నె అడుగు తోమినట్టు తోమింది. నాలుక మీద, బుగ్గల లోపల, పెరుగు తరకల్లాంటి తెల్లటి మచ్చలు. పాలు తాగినందుకు అయిన తెలుపైతే గుడ్డకు అంటుకొని వచ్చేది. ఇది రావడం లేదు. కొంచెం ఊడిన చోట ఎర్రగా చిట్లి, గుడ్డ కొసకు సన్నటి నెత్తురు జీర అంటింది. పిల్లవాడి ఏడుపు బొంగురుపోయి పిల్లికూన అరుపులా సాగుతోంది. షెకీనా చేతులు తమ పని తాము చేస్తున్నాయి. ఆమె మాత్రం వాకిట్లోకి చూస్తోంది. దిగబోతున్న విమానం నీడ వాకిలి దాటి, నీళ్ల గోలెం దాటి, గోడ మీద ఆరేసిన పొత్తిగుడ్డల మీదుగా పోయింది. ఆ గుడ్డలు ఇంకా తడిగానే ఉన్నాయి, ఇవాళ ఎండ సరిపోతుందో లేదో అనుకుంది. అంతే అనుకుంది.

"నీ పాలల్లనే ఏదో ఉన్నది," అన్నది అత్త, గుడ్డను చెంబు నీళ్లలో జాడిస్తూ. "నేను కరుణ్‌ను మూడో నెలల్నే డబ్బా పాలకు మలిపిన. సూడు ఇప్పుడెట్లున్నడో, పహిల్వాన్ లెక్క."

మలిపింది సరే, ఎందుకు మలిపిందో ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ అడగలేదు. షెకీనా కూడా అడగలేదు. ఈ మధ్య ఆమెకు అడగడం అనే పని ఒకటి ఉంటుందనే గుర్తుకు రావడం లేదు.

తరవాత పాలివ్వాలి. లోపలి అర్రలో గోడకు ఆనుకొని కూర్చొని పిల్లవాణ్ని ఒళ్లోకి తీసుకుంటుంది. వాడు నోటితో పట్టుకోగానే, మిరపకాయలు దంచిన చేత్తో పుండును ముట్టుకున్నట్టు ఒక మంట లేచి రొమ్ములోపలి నుంచి వీపు దాకా పోతుంది. వాడికీ నొప్పే. రెండు గుక్కలు తాగి వదిలేసి ఏడుస్తాడు, మళ్లీ వెతుక్కుంటాడు, మళ్లీ వదిలేస్తాడు. ఆమె కాలి బొటనవేలును బండకేసి నొక్కుతుంది. మొదట్లో కళ్లలో నీళ్లు వచ్చేవి. ఇప్పుడు రావడం లేదు. ఒకసారి భర్త కరుణ్ కాటేదాన్‌కు డ్యూటీకి పోబోతూ గుమ్మంలో నిలబడి చూశాడు. "పాలిచ్చేటప్పుడు గా ముఖమేంది? తల్లి నవ్వుకుంట ఉంటెనే గదా పిల్లగాడు మంచిగ తాగేది," అన్నాడు. ఆ రోజు నుంచి ఆమె ఆ ముఖం కూడా తీసి పక్కన పెట్టింది. ఇప్పుడు పాలిచ్చేటప్పుడు ఆమె ముఖంలో నవ్వూ లేదు, ఏడుపూ లేదు, గోడ ఉన్నట్టు ఉంటుంది. కరుణ్‌కు అది నచ్చినట్టే ఉంది, మళ్లీ ఏమీ అనలేదు.

నోరు పూయడం ఇది మొదటిసారి కాదు. మొదటిసారి పూసినప్పుడు షెకీనా డ్యూటీలో ఉంది. అత్తా కొడుకూ పిల్లవాణ్ని శంషాబాద్‌కు తీసుకుపోయి చూపించి, పసుపు రంగు చుక్కల మందు తెచ్చారు. పాలు తాగినంక నోట్లో రెండు పక్కలా వేయాలన్నారు. వేశారు. కొద్దిరోజులకే తెలుపు పోయింది. ఆ ఆదివారం చర్చిలో యేసుమణి మైకు అందుకొని సాక్ష్యం చెప్పింది. దేవుడు తన మనుమని నోరు ముట్టి స్వస్థపరిచిండని, చీర కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ చెప్పింది. చెప్పడంలో అబద్ధం ఒక్క మాట లేదు, ఆమె మనసారా నమ్మింది. చాపల మీద కూర్చున్న ఆడవాళ్లంతా స్తోత్రం అన్నారు. షెకీనా కూడా అన్నది, ఆమెకు దేవుడి మీద ఏ అనుమానమూ లేదు. ఇంటికి వచ్చాక మందు సీసా అల్మారాలో ఎవరి చేతికీ అందని పై అరలోకి పోయింది.

"మందు ఇంకొన్ని రోజులు వెయ్యాలెనేమో అత్తమ్మా," అన్నది షెకీనా. అప్పటికి ఆమె ఇంకా అడిగేది.

"సాక్ష్యం చెప్పినంక మందేందే? దేవుడు బాగు చేసిండని నలుగురిల చెప్పి, ఇంటికొచ్చి మందు పోస్తే ఆయనను అబద్ధికుని చేసినట్టు గాదా?"

మళ్లీ పూసింది. మళ్లీ చుక్కలు, మళ్లీ తెలుపు పోవడం, మళ్లీ సాక్ష్యం, మళ్లీ సీసా పైకి. ఈసారి పూసినప్పుడు పాస్టరయ్యే ఫోన్ చేసి, మందు ఆపకండమ్మా, డాక్టర్లను ఇచ్చింది కూడా దేవుడే గదా అన్నాడు. యేసుమణి ఫోన్ పెట్టేసి, "పాస్టరయ్యకేం, ఆయనకు విశ్వాసం ఎక్కువ. మందు ఏసినా ఆయనది చెడిపోదు. మనసొంటోళ్లే జాగ్రత్తగుండాలె," అన్నది. అయితే రెండుసార్లు నలుగురిలో చెప్పి రెండుసార్లు తప్పిపోయిన మాటకు ఎవరో ఒకరు కారణం కావాలి గదా. దేవుడు కాలేడు. ప్రార్థన చేసిన నాయనమ్మ కాలేదు. నాలుగు నెలల పిల్లవాడు కాలేడు. మిగిలింది ఒక్క మనిషి, ఆమె దగ్గర ఉన్నవి ఆ పాలు.

రాబోయే ఆదివారం బ్లెసన్‌ను సంఘంలో దేవుడికి ప్రతిష్ఠించే కూడిక. ఆ రోజు తల్లే మైకు పట్టుకొని సాక్ష్యం చెప్పాలి. ఏం చెప్పాలో అత్త అప్పుడే నేర్పించింది కూడా. "నా పాలు నా బిడ్డకు పడలేదు, అత్తమ్మ చెప్పిన మాట ఇని డబ్బా పాలకు మలిపిన, దేవుడు స్వస్థత ఇచ్చిండు. గింతే. పొడుగు జెయ్యకు, భోజనాలు ఉన్నయి." డబ్బా కూడా కొని పెట్టారు. మూత తీయకుండా వంటింటి గట్టు మీద ఉంది. పొద్దున వంట చేస్తూ షెకీనా దాని మీద పడిన పోపు నూనె తుడుస్తూ ఉంటుంది.

డ్యూటీ ఎయిర్‌పోర్టులో. హౌస్‌కీపింగ్. లోపల ఆమెకు ఇచ్చిన జాగాలో పాలిచ్చే తల్లుల గది ఒకటి ఉంది. మెత్తటి కుర్చీ, దాని చేతుల మీద తెల్లటి లైటు, గోడ మీద ఏనుగు పిల్లల బొమ్మలు. దేశదేశాలకు పోయే తల్లులు వచ్చి కూర్చొని, పిల్లల కడుపు నింపి, జోకొట్టుకుంటూ పోతారు. వాళ్లు పోయాక షెకీనా లోపలికి పోయి కుర్చీ మీద పడిన పాల చుక్కలు తుడిచి, మందు నీళ్లతో నేల తుడిచి బయటికి వస్తుంది. ఎవరి పాలో తుడుస్తుంటే తన రొమ్ములు గట్టిపడి రవిక తడుస్తుంది. అప్పుడు ఆమె పినాయిల్ డబ్బాలు, టిష్యూ చుట్టలు పెట్టే చిన్న స్టోర్ గదిలోకి పోయి, బొక్కెన మీద వంగి పాలు పిండుకుంటుంది. తాకితేనే మంట. పిండిన పాలను సింకులో పారబోస్తుంది. ఇంటికి తీసుకుపోతే ఎవరు పోస్తారు వాడికి, చెడ్డ పాలాయె. ఆమె వచ్చేదాకా అత్త వాడికి నీళ్లు కలిపిన ఆవుపాలు పడుతుంది.

తలుపు దగ్గర తారాబాయి కాపలా ఉంటుంది. ఆమెది కూడా అదే పని, షెకీనా కన్నా వయసులో పెద్దది, నోరు ఆగదు. "చూసినవా షెకీనా, గంత పెద్ద విమానం దిగుతే నిలబడనీకి దానికో జాగ, చేతులు ఊపుకుంట పిలిచేటందుకు ఓ మనిషి. మనం జర సేపు కూసుందామంటే పినాయిల్ వాసన."

"ఆ తల్లుల గది ఖాళీగనే ఉన్నది గద అన్నా," అని ఒకసారి తారాబాయే సూపర్‌వైజర్ రాఘవేందర్‌ను అడిగింది. అతడు షెకీనా యూనిఫాం మీది తడి మరకను చూసి, చూడనట్టు తల తిప్పుకొని, "అది ప్యాసెంజర్లకు అక్కా. ముందుగల ఆమెను డ్రెస్ మార్చుకోమనుండ్రి, మరకలు కనవడుతున్నయి," అన్నాడు. మంచివాడే, గట్టిగా అనలేదు. గట్టిగా అంటే ఏమనిపించేదో షెకీనాకు తెలియదు. మెల్లగా అన్నా ఏమీ అనిపించలేదు. పోయి డ్రెస్ మార్చుకుంది.

వారానికి ఒక్కటే వచ్చే సెలవు రోజున, టీకా అని చెప్పి, పిల్లవాణ్ని ఎత్తుకొని కొత్వాల్‌గూడ నుంచి ఆటోలో శంషాబాద్ దవాఖానకు పోయింది. ఎందుకు అబద్ధం చెప్పిందో ఆమెకే తెలియదు. టీకా అయితే ఎవరూ వెంట రారు, బహుశా అందుకే.

డాక్టరమ్మ ఆంధ్ర వైపు మనిషి. పిల్లవాడి నోరు తెరిచి లైటు వేసి చూసింది. "ఇది ఫంగస్ అమ్మా. పచ్చడి మీద బూజు పడుతుంది చూడండి, అలాంటిదే. భయపడాల్సింది కాదు. మందు వేశారా ఇంతకు ముందు?"

"ఏసినం మేడమ్. పోయింది, మళ్లొచ్చింది."

"పూర్తిగా వాడారా? తెలుపు పోయాక కూడా కొన్నాళ్లు వేయాలి."

"లేదు మేడమ్. ఆపినం."

"ఎందుకు ఆపారు?"

షెకీనా పిల్లవాణ్ని రెండో భుజానికి మార్చుకుంది. "సాక్ష్యం చెప్పినం మేడమ్."

"కోర్టులోనా?" అన్నది డాక్టరమ్మ, నిజంగానే అర్థం కాక.

"చర్చిల మేడమ్."

డాక్టరమ్మ నవ్వలేదు. లైటు ఆర్పి, "సరే, మీకు ఎలా ఉంది?" అన్నది.

"తెల్లగనే ఉన్నది మేడమ్, పొద్దుగాల మా అత్తమ్మ గీకితే నెత్తురొచ్చింది..."

"బాబుకి కాదమ్మా. మీకు. మీకు ఎలా ఉంది?"

ఆ ప్రశ్న ఎవరినో అడిగినట్టు షెకీనా వెనక్కి తిరిగి చూసింది. వెనక గోడకు టీకాల పటం ఉంది. మళ్లీ డాక్టరమ్మ వైపు తిరిగింది. ఎలా ఉంది అంటే చెప్పడానికి ముందు లోపలికి పోయి చూసి రావాలి, ఆ తలుపు ఎటు ఉందో మరిచిపోయి చాలా రోజులైంది. డాక్టరమ్మే అడిగింది, పాలిచ్చేటప్పుడు మంట ఉందా, పొక్కు లేస్తోందా, పాలిచ్చాక కూడా లోపల పొడిచినట్టు ఉంటోందా అని. ప్రతిదానికీ షెకీనా తల ఊపింది. తెర వెనక్కి తీసుకుపోయి చూసి, "ఇంత మంటతో ఎట్లా ఇస్తున్నారమ్మా ఇన్నాళ్లూ?" అన్నది డాక్టరమ్మ. ఎట్లా ఏముంది, ఇచ్చింది.

"మీ పాలకేం కాలేదు. పాలు ఆపకండి. వాడి నోట్లోది మీకు అంటుకుంది, మీ నుంచి మళ్లీ వాడికి అంటుకుంటోంది. ఇద్దరికీ ఒకేసారి మందు వాడితేనే పోతుంది. బాబుకి చుక్కలు, మీకు పూసుకునే క్రీము. పూసుకున్నది పాలిచ్చే ముందు తుడిచేయండి. నాలుక గీకొద్దు, ఏడాది లోపు పిల్లలకి తేనె అసలే వద్దు. లోపలి బట్టలు వేడి నీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. తెలుపు పోయిందని ఆపొద్దు. ఎవరు ఏం చెప్పినా సరే."

చుక్కలు దవాఖానలోనే ఇచ్చారు. క్రీము లేదు, బయట కొనుక్కోమన్నారు. దారిలో పిల్లవాడు ఒకటే ఏడుపు. కరుణ్ వచ్చేటప్పుడు మెడికల్ షాపు దారిలోనే ఉంటుంది గదా అని ఆ క్రీము పేరు అతనికి ఫోన్‌లో పంపింది.

మొదటి రోజు మర్చిపోయానన్నాడు. రెండో రోజు ఖాళీ చేతులతో వచ్చి, చెప్పులు విడుస్తూ, "గది నీకే గదా, పిల్లగానికి గాదు గదా, ఏం తొందర?" అన్నాడు. కోపంగా అనలేదు. అడుగుతున్నట్టు, నిజంగానే తెలుసుకుందామన్నట్టు అన్నాడు. షెకీనా అన్నం పెట్టింది. అతను తింటుంటే పక్కన కూర్చొని, ఈ మనిషికి ఈ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు నేర్పారు అనుకుంది. ఎవరూ నేర్పలేదు. ఈ ఇంట్లో నీళ్ల బిందె ఎక్కడుంటుందో ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసినట్టు, ఆమె ఒంటికి తొందర లేదని కూడా అందరికీ తెలుసు. తనకు కూడా తెలుసు. ఇన్ని రోజులూ మంటను మోసింది తనే, దాని మీద మూత పెట్టింది కూడా తనే.

మరునాడు డ్యూటీ బండి ఎక్కినప్పుడు తారాబాయికి చెప్పింది.

"రెండుసార్లు మర్చిపోయిండా? గదే ఆయన బండికి పంక్చరైతే మర్చిపోయి రెండు దినాలు దొబ్బుకుంట తిరుగుతడా?" అన్నది తారాబాయి. బండిలో ఆడవాళ్లంతా నవ్వారు. షెకీనా నవ్వలేదు గానీ, తిరుగు ప్రయాణంలో శంషాబాద్‌లో దిగిపోయి, యూనిఫాంతోనే షాపుకు పోయి, తన మందు తాను కొనుక్కుంది. షాపు అబ్బాయి చిన్న గొట్టాన్ని కాగితం కవర్లో పెట్టి ఇచ్చాడు. దాన్ని సంచిలో వేయకుండా ఇల్లు చేరేదాకా చేతిలోనే పట్టుకుంది.

ఆ సాయంత్రం అత్త వేలికి గుడ్డ చుట్టబోతే, "గీకొద్దన్నది డాక్టరమ్మ," అన్నది షెకీనా.

"ఏ డాక్టరమ్మ? టీకాలిచ్చే ఆమెనా? ముగ్గుర్ని పెంచిన నేను."

"పెంచినవ్ అత్తమ్మా. వీన్ని మాత్రం గీకొద్దు." గొంతు పెంచలేదు. పిల్లవాణ్ని ఆ కాళ్ల మీది నుంచి ఎత్తుకుంది, అంతే. యేసుమణి గుడ్డ చుట్టిన వేలు గాల్లో అలాగే ఉండిపోయింది.

ఒకవైపు చుక్కలు, ఒకవైపు క్రీము. తలుపు గడియ పెట్టుకొని పూసుకునేది. మంట ఒక్కసారిగా పోలేదు, కొంచెం కొంచెంగా తగ్గింది. తగ్గుతుంటేనే అది ఎంత ఉండేదో ఆమెకు తెలియడం మొదలైంది. బట్టలు ఉతుకుతూ ఒకసారి చేతులు ఆపి, ఇంత ఉండెనా, అనుకుంది. వాడు వదలకుండా తాగుతున్నాడు. డబ్బా ఇంకా మూత తీయకుండానే ఉంది.

శనివారం పొద్దున యేసుమణి మనవణ్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి నోరు తెరిచి చూసింది. "స్తోత్రం తండ్రీ, సాఫైంది," అన్నది. వెంటనే చుక్కల సీసా తీసుకుపోయి అల్మారా పై అరలో పెట్టింది. "రేపు చెప్పాల్సింది యాదికున్నదా?"

"ఉన్నది," అన్నది షెకీనా. ఆదివారం చర్చికి బయలుదేరే ముందు, అందరూ బయట చెప్పులు వేసుకుంటుంటే, స్టూల్ వేసుకొని సీసా దించి పిల్లవాడి బట్టల సంచిలో పెట్టుకుంది. క్రీము గొట్టం అందులోనే ఉంది. పక్కన, ఆ పొద్దున్నే డబ్బా మూత తీసి అత్త కలిపి సర్దిన పాల సీసా.

ప్రార్థన అయింది, ప్రతిష్ఠ అయింది. పాస్టరయ్య పిల్లవాణ్ని రెండు చేతులతో పైకెత్తి దీవించాడు. మైకు షెకీనా చేతికి వచ్చింది. మగవాళ్ల వైపు ముందు వరసలో కరుణ్ ఇస్త్రీ చొక్కాతో కూర్చొని ఉన్నాడు. ఆడవాళ్ల వైపు యేసుమణి పెదవులు కదుపుతోంది. నేర్పిన మాటలు ఆమె ముందుగానే అంటోంది. మైకులో షెకీనాకు తన ఊపిరి వినిపించింది.

"అందరికి వందనాలు," అన్నది. "మా బాబు నోరు పూసింది. తగ్గుతున్నది, ఇంకా మొత్తం మానలే. మందు ఏస్తున్నం. ఇంకొన్ని దినాలు ఏస్తం. నా పాలకేం కాలేదు. నాకు గూడ అదే అంటుకున్నది, రొమ్ముల మంట ఉండె. శాన ఉండె. ఎవ్వరికి చెప్పలే, ఎవ్వరు అడగలే. నేను గూడ మందు పెట్టుకుంటున్న. దేవునికి స్తోత్రం."

రొమ్ము అనే మాట ఆ మైకులో అంతకు ముందు ఎన్నడూ పలికి ఉండదు. సాక్ష్యం అయిపోగానే అందరూ అనాల్సిన స్తోత్రం రాలేదు. కరుణ్ తన మోకాళ్లను చూసుకుంటున్నాడు. చివరికి వెనక చాప మీద నుంచి ముసలి సత్తెమ్మ, వినబడీ వినబడనట్టు, "స్తోత్రం," అన్నది. ఆ వెనక ఇంకెవరో అన్నారు. ఆడవాళ్ల వైపు నుంచే.

షెకీనా వచ్చి అత్త పక్కన చాప మీద కూర్చుంది. పిల్లవాడు ఆకలికి మొదలుపెట్టాడు. యేసుమణి ముందుకు చూస్తూనే సంచిలోకి చెయ్యి పెట్టి డబ్బా పాల సీసా తీసి పట్టుకుంది. షెకీనా దాన్ని తీసుకోలేదు. కొంగు కప్పుకొని పిల్లవాణ్ని రొమ్ముకు వేసుకుంది. పాస్టరయ్య పాట ఎత్తుకున్నాడు. కొంగు కింద వాడు గుటకలు వేస్తున్నాడు. ఇంకా మంట ఉంది, తక్కువే గానీ ఉంది. ఈసారి ఆమె కాలి వేలు నేలకు నొక్కలేదు.

"మండుతున్నది అత్తమ్మా," అన్నది.

యేసుమణి పాట పాడడం లేదు. చాలాసేపు ఆ సీసాను అటూ ఇటూ తిప్పింది. తరవాత, షెకీనాకు తప్ప ఎవరికీ వినబడకుండా, "నాకెర్కే," అన్నది. "వీని నాయినకు పాలిచ్చేటప్పుడు నాకు గూడ గట్లనే మండింది."

షెకీనా ఆమె వైపు తిరిగి చూడలేదు. అయ్యో అనాలనిపించలేదు, కోపం కూడా రాలేదు. పిల్లవాడు తాగడం అయ్యేదాకా ఆగి, వాణ్ని భుజాన వేసుకొని వీపు నిమిరింది.

"ఎర్కుంటే, సంచిల నా మందున్నది, తియ్యి," అన్నది. "వాని చుక్కలు గూడ తియ్యి. ఇప్పుడే ఏస్త."

పాట ఇంకా నడుస్తోంది. యేసుమణి డబ్బా పాల సీసాను చాప మీద పెట్టి, సంచిలోకి చెయ్యి పెట్టి వెతకడం మొదలుపెట్టింది.